పెదనాన్న బావికి వచ్చిన పట్నం కాగితం

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. తర్వాత్తర్వాత ఒక్కొక్కటే తెలియకుండా పోతూ వస్తుంది. ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మధ్యలో, నాకు అన్నీ తెలుసు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ సెకండు క్లాసులో పాసై (ఒక్క మార్కులో ఫస్టు క్లాసు పోయిందని అందరికీ చెప్పుకునేవాణ్ణి, నిజానికి పోయింది పదకొండు మార్కుల్లో) విజయవాడలో నీళ్ళు పరీక్ష చేసే ఒక లాబొరేటరీలో అసిస్టెంటుగా చేరాను. ఎక్కడికి వెళ్ళినా గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి చూసి, 'ఊఁ' అనేవాణ్ణి. ఆ చూపుకి ఏమీ తెలియదని నాకు తెలుసు గానీ, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల్లో కనిపించే గౌరవం కోసం ఆ మాత్రం నటన తప్పదనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాణ్ణి పిలిచి ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది. పిలిస్తే వచ్చే రకం కాదు లెండి.

చేరిన మూడో నెలలోనే నన్ను తిరువూరు పంపారు. ఆ వైపు ఒక పల్లెలో డబ్బాపాలు తాగే పసిబిడ్డ ఒళ్ళు నీలంగా మారిపోతే, అక్కడి డాక్టరుగారు సమయానికి చూసి బిడ్డను దక్కించి, ఆ ఇంటి బావి నీళ్ళ మీద అనుమానంతో మావాళ్ళకు ఉత్తరం రాశారట. పేడలోనూ ఎరువుల్లోనూ ఉండే నైట్రేటు భూమిలోకి ఇంకి బావిలో చేరుతుంది. పెద్దవాళ్ళకు దాని సంగతి అంతగా తెలియదు. ఆరు నెలలు నిండని పిల్లలకు ఆ నీళ్ళతో పాలు కలిపి పడితే మాత్రం నెత్తురుకి గాలి మోసే శక్తి తగ్గిపోతుంది. అందుకని వేసవి రెండు నెలలూ ఆ చుట్టుపక్కల ఊళ్ళ బావులు చూసి రమ్మని మా సారు నన్ను తోలారు. (ఆయన్ని మేం చాటుగా 'చుక్కల సారు' అనేవాళ్ళం. మందు వేసేటప్పుడు ఒక్కో చుక్కా పైకి లెక్కపెట్టేవారు. పెళ్ళి భోజనంలో నెయ్యి వడ్డిస్తుంటే కూడా లెక్కపెట్టారని చెప్పుకునేవారు.) "ముందు అక్కడికక్కడ పెట్టెతో చూడు. రంగు ఎక్కువ వస్తే సీసాలో పట్టి ఇక్కడికి పంపు. మేం మళ్ళీ చూసి కాగితం ఇస్తాం. పెట్టె చెప్పేది కబురు, లాబొరేటరీ చెప్పేది తీర్పు" అన్నారు బయలుదేరేముందు.

ఆ పెట్టె గురించి చెప్పాలి. టేకు చెక్కతో చేసిన పెట్టె, ఇత్తడి గొళ్ళేలు, పైన తోలు పిడి. అచ్చం హార్మోనియం పెట్టెలా ఉండేది. బస్సు ఎక్కితే చాలు, కండక్టరు నుంచి కోళ్ళగంప వాళ్ళ దాకా "ఏ ఊళ్ళో బాబూ కార్యక్రమం?" అని అడిగేవారు. ఎ.కొండూరులో ఒక పెద్దాయన నన్ను అరుగు మీద కూచోబెట్టి, మజ్జిగ ఇప్పించి, "భజన ఎన్నింటికి మొదలెడతావు నాయనా?" అన్నాడు. కాదండీ, నీళ్ళు పరీక్ష చేయడానికి వచ్చానంటే మజ్జిగ గ్లాసు వంక కాస్త బాధగా చూశాడు. పెట్టెలో గాజు గొట్టాలు, ఒక పొడి, రెండు మందులు, డిస్టిల్డు వాటరు డబ్బా, లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా రంగు బిళ్ళలు అమర్చిన ఒక చిన్న నల్ల డబ్బా ఉండేవి. గొట్టంలో నీళ్ళు పోసి పొడీ మందులూ వేసి ఊపితే, నైట్రేటు ఉంటే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు. ఆ రంగుని బిళ్ళలతో పోల్చి లెక్క రాసుకోవడమే నా పని.

ఇందులో మా చుక్కల సారు ఊహించని చిక్కు ఒకటి వచ్చిపడింది. ఎరుపంటే మన ఆడవాళ్ళకు శుభం. గోరింటాకు ఎంత ఎర్రగా పండితే అంత మంచి మొగుడొస్తాడనే నమ్మకంలో పెరిగినవాళ్ళు, వాళ్ళ బావి నీళ్ళు నా గొట్టంలో పండుతుంటే మురిసిపోక ఏం చేస్తారు? తెల్లగా ఉండిపోయిన నీళ్ళ ఇల్లాలు మూతి ముడుచుకునేది. "మాకు కాస్త ఎక్కువ మందు వేసి చూడు బాబూ" అని బతిమాలిన వాళ్ళు కూడా ఉన్నారు. ఎర్రగా వస్తే చెడ్డ అని నేను గొంతు చించుకుని చెబితే, "కుర్రాడు, తెలియక అంటున్నాడు" అని సర్దుకుపోయేవారు.

ఇలా ఉండగా మా అమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. గంపలగూడెం దారిలో ఫలానా ఊళ్ళో వరసకి నాకు పెదనాన్న ఒకాయన ఉన్నాడనీ, అంత దగ్గర్లో ఉండి కనపడకపోతే చాలా తప్పనీ, పైగా వాళ్ళమ్మాయి, అంటే నాకు అక్క, పురిటికొచ్చి ఇరవై రోజుల బిడ్డతో ఉందనీ దాని సారాంశం. వెళ్ళాను. పెదనాన్న ఆరడుగుల మనిషి, మోకాళ్ళ దాకా ముతక పంచె, పొలంలో మాట్లాడితే ఊళ్ళోకి వినపడే గొంతు. నా పెట్టె చూసి, నా పని తెలుసుకుని, కుశలప్రశ్నలు కూడా అడక్కుండా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు.

"నీళ్ళంటే ఇయ్యిరా! పెళ్ళైన ఏడాదే తవ్వా. యాభై అడుగులు. నడిమధ్యలో రాయి తగిలితే అందరూ మానెయ్యమన్నారు. మందు పెట్టి పేల్చి, నేనే దిగి రాళ్ళు మోశా. ఈ నీళ్ళు తాగితే రాళ్ళు తిన్నా అరిగిపోతాయి. ఆ మిరపచెట్లు చూడు, ఆ అరటిగెల చూడు. అదీ నీళ్ళ బలం!"

చూశాను. మిరపచెట్లు నా నడుం దాకా ఉన్నాయి. అరటిగెల బరువుకి చెట్టుకి రెండు గుంజలు ఊతంగా పెట్టారు. బావికి ఇటుపక్క గొడ్లచావిడి, అటుపక్క మనిషెత్తు పెంటకుప్ప, ఆ రెంటి మధ్యనుంచీ బావి గట్టు చుట్టూ తిరిగి పారే కాలువ కూడా చూశాను. నీళ్ళ బలం ఎక్కడిదో పెట్టె తెరవకుండానే అర్థమైంది. (ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మొక్కలకి అది బలమే. మా పుస్తకాల్లో ఉన్న సంగతే ఆయన మిరపచెట్లు చూసి కనిపెట్టాడు.)

ఇంతలో చుట్టుపక్కల వాళ్ళు పది మంది చేరారు. గొట్టంలో మందు పడీ పడగానే నీళ్ళు ముదురు ఎరుపెక్కిపోయాయి. నా దగ్గరున్న బిళ్ళల్లో ఆఖరిది కూడా దాని ముందు వెలవెలబోయింది. అలాంటప్పుడు డిస్టిల్డు వాటరు కలిపి పలచన చేసి చూడాలి. అలాగే చేస్తుంటే పెదనాన్న ఉరిమాడు.

"నీళ్ళల్లో నీళ్ళు కలుపుతున్నావేంట్రా, పాలోడిలాగా?"

సగానికి సగం కలిపినా ఎరుపే. జనం 'ఆహా' అన్నారు. పెదనాన్న మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. పక్కింటాయన చెంబుతో తెచ్చిన తన బావి నీళ్ళకి లేత గులాబీ కూడా రాకపోయేసరికి ఆ ఆనందం రెట్టింపైంది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి చంటిపిల్ల ఏడుపు వినిపించింది. అక్కకి పాలు చాలడం లేదనీ, డాక్టరు డబ్బాపాలు మొదలుపెట్టమన్నాడనీ పెద్దమ్మ చెప్పింది. ఏ నీళ్ళతో కలుపుతారని అడిగాను.

"ఇంకే నీళ్ళు? ఇయ్యే. నా మనవరాలికి నా బావి నీళ్ళు కాకపోతే ఎవరి బావివి పోస్తాం?" అన్నాడు పెదనాన్న.

అందర్నీ పంపేసి, ఆయన్ని వసారాలో కూచోబెట్టి, ఆ నీలంగా మారిన బిడ్డ సంగతి చెప్పాను. నెత్తురు, గాలి, నైట్రేటు, నాకు తెలిసిన కెమిస్ట్రీ అంతా ఏకరువు పెట్టాను. ఆయన శ్రద్ధగా విని, "నేను తాగలా? ఏమైంది నాకు?" అన్నాడు.

"మీరు తాగడం మొదలెట్టేటప్పటికి మీకు ఆరు నెలలు దాటాయి కదా పెదనాన్నా."

లోపల తలుపు చాటున ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకి కోపమొచ్చింది గానీ, పెద్దమనిషి, మనవరాలి మాట కనక తగ్గాడు. "సరే. నీ పెట్టె మాట నేను నమ్మను. పట్నం పంపు. వాళ్ళు ముద్రేసి కాయితం ఇస్తే అప్పుడు ఒప్పుకుంటా. అందాకా చంటిదానికే కాదు, ఇంట్లో అందరం ఊరవతల కట్లేరు నీళ్ళు తెచ్చుకుంటాం, పథ్యం అంటే పథ్యమే. కాయితంలో మంచియ్యని వస్తే మటుకు ఇక నువ్వు నోరెత్తకూడదు" అన్నాడు. మా లాబొరేటరీ మీద నాకున్న నమ్మకం అలాంటిది. వెంటనే చేతిలో చెయ్యి వేశాను.

రెండు సీసాల నిండా బావి నీళ్ళు పట్టి, పాడవకుండా రెండేసి చుక్కలు క్లోరోఫాం వేసి, బిరడాలు బిగించి, చీటీలు అంటించి వసారాలో గూట్లో పెట్టాను. మూడింటి బస్సుకి అవి తిరువూరు చేరి, అక్కణ్ణుంచి విజయవాడ వెళ్ళాలి. ఈలోగా భోజనానికి లేవమన్నారు. మామిడికాయ పప్పు, వంకాయ కూర, కొత్తావకాయ, అడక్కుండానే పడే నెయ్యి. పప్పు వెన్నలా ఉంది. "చూశావా, నీళ్ళ మహిమ!" అన్నాడు పెదనాన్న ఇంకో గరిటె వేయిస్తూ. తిన్నాక నులకమంచం మీద ఒక్క నిమిషం నడుం వాలుద్దామనుకున్నాను. ఆ ఒక్క నిమిషం రెండు గంటలు సాగింది. అక్క లేపితే లేచి, సీసాలు సంచిలో వేసుకుని, పెట్టె చంకన పెట్టుకుని, బస్సు వెనక ఊరి చివరి దాకా పరిగెత్తి ఎక్కాను. నా ఉద్యోగ జీవితంలో కొంప ముంచిన నిద్ర ఏదైనా ఉంటే అదే.

అయిదో రోజున తిరువూరులో నా గదికి కవరు వచ్చింది. విప్పి చదివి, మళ్ళీ మొదటినుంచీ చదివాను. రెండు సీసాల్లోనూ నైట్రేటు దాదాపు లేదు, పసిపిల్లలతో సహా అందరూ తాగవచ్చు అని తీర్పు. దాంతోపాటు చుక్కల సారు స్వహస్తాలతో రాసిన ఉత్తరం. "నీ పెట్టె లెక్కకీ మా లెక్కకీ పోలికే లేదు. ముందు కళ్ళు పరీక్ష చేయించుకో. పైగా క్లోరోఫాం వేయడం కూడా మరిచావు. వచ్చే సోమవారం పెట్టెతో సహా తిరిగి రా. ఆ పని ఇంకొకరికి అప్పగిస్తాం." క్లోరోఫాం నేను వేశాను. ఒకటి, రెండు అని ఆయన లాగే పైకి లెక్కపెట్టి మరీ వేశాను. ఏడుపొచ్చినంత పనైంది. అన్నిటికన్నా భయం వేసిన సంగతి ఇంకొకటుంది. మా ఆఫీసు పద్ధతి ప్రకారం నకలు ఒకటి బావి సొంతదారుకి కూడా పోస్టులో వెళుతుంది. నా కళ్ళు తప్పయితే ఫరవాలేదు. తప్పు కాగితానిదైతే మాత్రం ఆ చంటిదాని గతేమిటి?

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి పెట్టెతో సహా దిగాను. వసారా గోడకి, క్యాలెండరు పక్కన, ఆ కాగితం అద్దం కట్టి వేలాడుతోంది. పెదనాన్న నన్ను చూసి చేతులు చాచాడు.

"రారా, రా! నిన్న మంగళవారం వచ్చింది కాయితం. మంగళారం కొత్త పని మొదలెట్టకూడదని ఆగా. ఇవాళ భోజనాలయ్యాక మంచి ఘడియ. నా చేత్తో నేనే తోడి, చంటిదానికి పాలు కలిపిస్తా. రోజూ నేనే తోడిస్తా. ఆ కట్లేరు నీళ్ళ కాఫీ నాలుగు రోజులు తాగి నోరు చచ్చిందనుకో. నిన్న మళ్ళీ మన బావి నీళ్ళతో కాఫీ పడితే ప్రాణం లేచొచ్చింది!"

ఒక్కసారి మళ్ళీ చూస్తానని బతిమాలి పెట్టె తెరిచాను. మళ్ళీ అదే ఎరుపు. ఆయన జాలిగా నా భుజం తట్టాడు. "పోన్లేరా. పట్నమోళ్ళు తేల్చేశాక ఇంకా ఎందుకు? ఈ పెట్టె అమ్మేసి నిజం హార్మోనీ కొనుక్కో" అని పొలానికి వెళ్ళిపోయాడు. నేను బావి గట్టు మీదే కూలబడ్డాను. పెద్దమ్మ చూసి వంటింట్లోకి పిలిచి, పీట వేసి, గ్లాసుతో నీళ్ళిచ్చింది. దప్పిక మీద ఉన్నా తాగలేకపోయాను. పిచ్చో, మొండితనమో, గ్లాసులోంచి కాసిని గొట్టంలో ఒంపి పొడీ మందులూ వేసి ఊపాను. రంగు రాలేదు. ఇంకాసేపు ఊపాను. కొబ్బరినీళ్ళలా అలాగే ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇవి ఏ నీళ్ళు?"

"బావియ్యే నాయనా."

మూలనున్న బిందెలోంచి స్వయంగా ముంచి చూశాను. అదీ తెల్లనే. పెద్దమ్మ పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన పొయ్యిలో లేని మంటని ఊదసాగింది. అక్క బిడ్డని ఒళ్ళో వేసుకుని నవ్వు ఆపుకోలేక, "చెప్పెయ్యమ్మా, ఆ పెట్టె దగ్గర దాగేట్టు లేదు" అంది.

అప్పుడు చెప్పింది పెద్దమ్మ. కాపురానికొచ్చిన కొత్తలో, బావి తవ్విన ఆనందంలో పెదనాన్న ఊరందరికీ విందు చేశాడట. ఆ నీళ్ళకి పప్పు పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా ఉడికినా బద్ద బద్దగానే ఉందట. అప్పుడు అత్తగారు ఈవిణ్ణి పెరటిదారిన కట్లేటికి తీసుకెళ్ళి, ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు కడవలో ముంచి నెత్తిన పెట్టిందట. "'వాడు చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వుకున్నాడే. ఆ నీళ్ళు పనికిరావని వాడితో అనబాకు' అంది మా అత్త. అంతే. ఆయన పొలం వెళ్ళగానే రెండు బిందెలు. ముప్ఫై అయిదేళ్ళయింది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. మగాళ్ళలో తెలిసింది నీకే."

"మరి నిన్నటి కాఫీ? బావి నీళ్ళతో అన్నాడు?"

"నిన్నదీ చెలమదే. మొన్నదీ చెలమదే" అంది అక్క.

నాకు ఒక్కసారిగా వెలిగింది. "సీసాలు! పెద్దమ్మా, నా సీసాల్లో నీళ్ళు..."

"నేనే మార్చా బాబూ" అంది పెద్దమ్మ, తప్పు చేసిన ముఖం ఏమీ పెట్టకుండా. "నువ్వు నిద్దరోతున్నావు. బిరడా తీసి వాసన చూస్తే ఆసుపత్రి కంపు కొట్టింది. పాడైపోయినయ్యనుకున్నా. మనింటి నీళ్ళు పట్నం ఎళ్ళి పెద్ద పెద్ద ఆఫీసర్లు చూస్తారంటే, కంపు కొట్టే నీళ్ళు పంపుతామా? నలుగుర్లో పరువేం కావాలి? చింతపండూ బూడిదా పెట్టి తోమి, మంచినీళ్ళు నింపి పెట్టా."

మా సారు అన్ని చుక్కలు లెక్కపెట్టారు గానీ, ఒక ఇల్లాలు తన ఇంటినుంచి బయటికి వెళ్ళే సరుకుని ఎలా పంపుతుందన్నది మా లెక్కలో ఎవరూ రాసుకోలేదు. నాకు కోపం, నవ్వు, కళ్ళనీళ్ళు మూడూ కలిసి వచ్చాయి. కానీ నవ్వడానికి వ్యవధి లేదు. భోజనాలయ్యాక ఆయన తన చేత్తో తోడి తెస్తాడు. ఎదురుగా నిలబడి కలిపిస్తాడు. ఒకరోజు మార్చగలరు, రోజూ ఎలా మారుస్తారు? నేను నిజం చెబితే ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో రాయి వేసినట్టు. చెప్పకపోతే చంటిది. "నేనే చెప్తాను పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు బిడ్డ వంక చూసింది. "నువ్వు చెబితే నీ పెట్టె మాటంటాడు. నేను చెబితే ఆడదాని మాటంటాడు. ఉండు" అని లేచి, బావి దగ్గరికి వెళ్ళి, తనే ఒక చేద నీళ్ళు తోడుకొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టింది.

పెదనాన్న పొలం నుంచి వచ్చి, చంటిదాని కోసం ముందే ఒక చెంబెడు తోడి మూతపెట్టి భోజనానికి కూచున్నాడు. పప్పు విస్తట్లో పడుతుంటే గవ్వలు పోసినట్టు చప్పుడైంది. పెదనాన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, రెండుసార్లు నమిలి ఆగాడు.

"పప్పు ఉడకలేదేమే?"

"ఉడికినకాడికి ఉడికింది. మీ బావి నీళ్ళతో వండా."

"రోజూ వాటితోనే కదా వండేది?"

పెద్దమ్మ నెయ్యి గిన్నె అందుకుంది. అక్క తల దించుకుంది. నేను ఆవకాయలో వెల్లుల్లి రెబ్బ వెతకడంలో మునిగిపోయాను. (పప్పు ఉడకకపోవడానికి నీళ్ళ కాఠిన్యం కారణం, నైట్రేటుకీ దానికీ సంబంధం లేదు. అది చెప్పకుండా ఊరుకోవడం నా చదువుకి సార్థకత అని ఇప్పటికీ అనుకుంటాను.) ఆయన నా వంక చూశాడు, గోడ మీద కాగితం వంక చూశాడు, మూలనున్న బిందె వంక చూశాడు. బుర్ర గలవాడు, ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ళనించి?" అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అత్తయ్య ఉన్నప్పట్నించి."

"మా అమ్మ కూడానా?"

"ఆవిడే దారి చూపించింది. మీ మనసు కష్టపెట్టొద్దంది."

పెదనాన్న తల వంచుకుని ఆ పప్పన్నం చివరి మెతుకు దాకా తిన్నాడు. పెద్దమ్మ వద్దంటే వినలేదు. పటపటమని నములుతుంటే ఆ చప్పుడు ఇల్లంతా వినిపించింది. ఆయన చెయ్యి కడుక్కుని, చంటిదాని కోసం తోడి మూతపెట్టి ఉంచిన చెంబు తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో ఒంపేశాడు. తిరిగొచ్చి కాగితం ముందు నిలబడ్డాడు.

"అయితే ఇది అబద్ధమా?"

"కాగితం నిజమే పెదనాన్నా. నీళ్ళే మీవి కావు."

ఆయన ముందు ముసిముసిగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి చంటిది ఉలిక్కిపడి ఏడ్చింది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఆ సాయంత్రమే మళ్ళీ రెండు సీసాలు పట్టాను. బస్సు వచ్చేదాకా ఆయనే ముల్లుకర్ర పట్టుకుని వాటి పక్కన స్టూలు వేసుకుని కూచున్నాడు. పెద్దమ్మని ఆ ఛాయలకి రానివ్వలేదు. మధ్యలో ఒకసారి బిరడా తీసి వాసన చూసి, "కంపు నిజమేనే" అని లోపలికి కేకేశాడు. నేను చుక్కల సారుకి సంజాయిషీ రాసుకున్నాను. 'సదరు సీసాలను బావి యజమాని భార్య చింతపండుతో శుభ్రపరచి, అందలి నీటిని గౌరవార్థం మార్చుటవలన' అన్న వాక్యం మా ఆఫీసులో చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు. రెండో కాగితం వచ్చింది. అందులో లెక్క నా పెట్టె లెక్కకి దగ్గరగానే ఉంది. ఉద్యోగం దక్కింది. ఉత్తరం చివర సారు "నీ కళ్ళు బాగానే ఉన్నవి. భోజనానంతరం మూయవద్దు" అని రాశారు.

తిరువూరు వదిలేముందు ఒకరోజు చెప్పి వెళదామని పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాను. పెంటకుప్ప పొలానికి తరలిపోయింది. బావి నీళ్ళు మిరపకీ అరటికీ మాత్రమేనట. అక్కా బిడ్డా తప్ప ఇంట్లో ఎవరూ లేరు, అక్క కట్లేరు వైపు చూపించింది. దారి మలుపులో ఎదురయ్యారు. ముందు పెద్దమ్మ ఖాళీ చేతులతో నడుస్తోంది. పెళ్ళైన ముప్ఫై అయిదేళ్ళకి మొదటిసారి అనుకుంటా. వెనక పెదనాన్న భుజాన కావిడి వేసుకుని, రెండు బిందెలు తొణక్కుండా మోస్తూ వస్తున్నాడు. దారిన పోయే మగవాళ్ళు "ఇదేందయ్యా, నీ బావికేమైంది?" అంటుంటే, "మనవరాలికిరా" అని ఊరంతా వినపడేలా చెబుతున్నాడు. నన్ను చూసి ఆగి, "ఇంత దూరమా రోజూ మోసింది ఇది?" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు. నేను కావిడి ఒకవైపు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు.

ఆ వయసులో నాకు ఆ ఇల్లాళ్ళు చేసింది మోసంలా కనిపించింది. నిజం దాచడం తప్పని విజయవాడ వచ్చాక నెల రోజులు నా గదిలో ఒక్కణ్ణే కూచుని వాళ్ళకి ఉపన్యాసాలిచ్చాను. ఇప్పుడు నేను రిటైరై చాలా కాలమైంది. తీరిక ఎక్కువై, మా ఇంట్లో మూడు కుండలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇసక, బొగ్గు, గులకరాళ్ళు పోసి నా చేత్తో ఒక ఫిల్టరు తయారుచేశాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాను. మా ఆవిడ కూడా "మావారే చేశారు" అని చెబుతుంది. పోయిన నెలలో ఒకరోజు వాకింగు నుంచి కాస్త ముందే వచ్చాను. నీళ్ళ క్యాన్లు వేసే కుర్రవాడు ఖాళీ క్యాను పట్టుకుని మా గేటులోంచి బయటికి వస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే మా ఆవిడ నా అడుగు కుండలోకి జాగ్రత్తగా నీళ్ళు ఒంపుతోంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, వీధి చివర కల్వర్టు మీద పది నిమిషాలు కూచుని, ఆ తర్వాత గట్టిగా దగ్గుకుంటూ ఇంట్లోకి వచ్చాను. కాఫీ ఇచ్చింది. "ఏమాటకామాటే, ఫిల్టరు నీళ్ళ రుచే వేరు" అన్నాను. "మరే" అంది మా ఆవిడ, అటు తిరిగి గిన్నె కడుగుతూ.